కెనాన్ 85 ఎంఎం ఎఫ్/1.8: పోర్ట్రెయిట్ లెన్స్ కొనేముందు గది కొలుచుకోండి

కెనాన్ ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.8 యూఎస్ఎం 1992లో వచ్చింది. తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ వచ్చింది, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ వచ్చింది. ఈ లెన్స్ మాత్రం ఇప్పటికీ పెళ్లి ఫోటోగ్రాఫర్ల బ్యాగుల్లో కనిపిస్తూనే ఉంది. బరువు 425 గ్రాములు, ఫిల్టర్ సైజు 58 ఎంఎం, లోపల ఏడు గ్రూపుల్లో తొమ్మిది గాజులు, వెలుతురు లోపలికి వచ్చే రంధ్రానికి, అంటే అపర్చర్‌కి, ఎనిమిది రేకులు. చేతి వణుకుని తట్టుకునే స్టెబిలైజేషన్ లేదు, వానా దుమ్మూ ఆపే వెదర్ సీలింగ్ లేదు, ముందు నీడ కోసం తగిలించే హుడ్ కూడా విడిగా కొనుక్కోవాలి. అయినా సరే, కెనాన్ ఫుల్ ఫ్రేమ్ బాడీ ఉన్నవాళ్లు పోర్ట్రెయిట్ కోసం మొదట కొనాల్సిన లెన్స్ ఇదే. చిన్న సెన్సర్ ఉండే క్రాప్ బాడీ ఉన్నవాళ్లకు మాత్రం చాలాసార్లు ఇది సరిపడదు. ఎందుకంటారా? ముందు దూరం సంగతి తేల్చుకోవాలి.

85 పెడితే ముఖం అందంగా వస్తుందని అందరూ అంటారు. నిజానికి ముఖం ఆకారం మీరు ఎంత దూరంలో నిలబడ్డారన్నదాన్ని బట్టి మారుతుంది. ముక్కు కొస నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. 50 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే, చెవితో పోలిస్తే ముక్కు 24 శాతం పెద్దదిగా పడుతుంది. చెయ్యి చాచి తీసిన సెల్ఫీల్లో ముక్కు లావుగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగుల దూరానికి వెళితే ఆ తేడా 6 శాతానికి తగ్గుతుంది, మూడు మీటర్ల దగ్గర 4 శాతమే. మనం ఎదుటివాళ్లతో కూర్చుని మాట్లాడేటప్పుడు చూసే ముఖానికి దగ్గరగా ఉండేది ఈ రెండు, మూడు మీటర్ల ముఖమే. ఇంకా వెనక్కి, ఆరేడు మీటర్లు దాటితే ముఖం చదునుగా, బుగ్గలు వెడల్పుగా అనిపించడం మొదలవుతుంది. పైగా అంత దూరం నుంచి, అవతల బ్యాండ్ మోగుతుంటే, గడ్డం కాస్త కిందికి దించమని చెప్పాలన్నా అరవాల్సిందే.

కాబట్టి ఆరున్నర నుంచి పది అడుగుల్లో నిలబడి ఫ్రేమ్ నింపగలిగే లెన్స్ మనకు కావాలి. ఫుల్ ఫ్రేమ్ మీద 85 సరిగ్గా ఆ పని చేస్తుంది. కెమెరా నిలువుగా పట్టుకుంటే, రెండు మీటర్ల దూరంలో సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తు ఫ్రేమ్‌లోకి వస్తుంది. నడుము నుంచి తల దాకా తీయడానికి ఏడు అడుగులు చాలు. పెళ్లికూతుర్ని చీర కుచ్చిళ్లతో సహా నిలువెత్తున తీయాలంటే మాత్రం పదహారున్నర అడుగులు వెనక్కి జరగాలి. ఆమె వెనక గోడకి మరో ఆరేడు అడుగులు వదలకపోతే బ్లర్ రాదు, ఫ్లాష్ నీడ గోడ మీద పడుతుంది. అంటే పాతిక అడుగుల పొడవు గది ఉండాలి. ఇంట్లో పెళ్లికూతుర్ని చేసే గది పది బై పన్నెండు అడుగులే అయితే, అందులో ఈ లెన్స్‌తో నడుము పైభాగం వరకే తీయగలరు. నిలువెత్తు కోసం 35 గానీ 50 గానీ దగ్గర పెట్టుకోవాలి.

ఇదే లెన్స్‌ని కెనాన్ క్రాప్ బాడీకి తగిలిస్తే 136 ఎంఎం లెన్స్ చూపించేంత ఇరుకైన ఫ్రేమ్ వస్తుంది. నడుము దాకా తీయడానికే పదకొండు అడుగులు కావాలి, నిలువెత్తుకి ఇరవై ఆరు. చాలా ఇళ్లలో అంత చోటే ఉండదు. 200డీ, 1500డీ, ఆర్50 లాంటి బాడీలున్నవాళ్లు ముందు 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం కొనడం మేలు. ఈఎఫ్ రకం 160 గ్రాములే, క్రాప్ మీద 80 లాగా పనిచేస్తుంది, నడుము దాకా ఆరున్నర అడుగుల్లో వచ్చేస్తుంది. అన్నిటికంటే ముందు మీరు ఎక్కువగా ఫోటోలు తీసే చోట ఒక్కసారి టేపు పెట్టి కొలవండి. చేతిలో 18-55 గానీ 24-105 గానీ ఉంటే, క్రాప్ బాడీలో 53 దగ్గర, ఫుల్ ఫ్రేమ్‌లో 85 దగ్గర జూమ్ కదలకుండా టేపు అంటించి, ఒక ఫంక్షన్ మొత్తం అలాగే తీయండి. ఎన్నిసార్లు గోడకి వీపు తగిలిందో చూసుకుంటే ఏ లెన్స్ కొనాలో అక్కడే తేలిపోతుంది.

ఇక ఎఫ్/1.8 దగ్గర, అంటే అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. ఫుల్ ఫ్రేమ్ మీద రెండు మీటర్ల దూరంలో, షార్ప్‌గా ఉండే లోతు మొత్తం కలిపి ఆరు సెంటీమీటర్లు. కంటి మీద ఫోకస్ పెడితే కళ్లు, పెదవులు, ముక్కుపుడక అందులో పడతాయి. చెవి బుట్టలు, వెనక జడ అందులో పడవు. మీటరున్నరకి దగ్గరైతే ఆ లోతు మూడు సెంటీమీటర్ల పైచిలుకే. తల కాస్త పక్కకి తిప్పితే దగ్గరి కన్ను షార్ప్‌గా, దూరపు కన్ను మెత్తగా వస్తుంది. నగలు స్పష్టంగా కనిపించాలనుకునే ఫోటోలకు ఎఫ్/4 పెట్టండి. లోతు 13 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పాపిడి బిళ్ల నుంచి బుట్టల దాకా అన్నీ నిలుస్తాయి. వెనక పది అడుగుల ఖాళీ ఉంటే ఎఫ్/4లోనూ బ్యాక్‌గ్రౌండ్ కరుగుతుంది. ఆల్బమ్ చేతికొచ్చాక నగ మసకగా ఉందని ఇంటివాళ్లు అడుగుతారు. వెనకాల బ్లర్ తక్కువైందని అడిగినవాళ్లు అరుదు.

ఈ లెన్స్ అసలు బలహీనత రంగు అంచులు. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.2 దాకా, ఫోకస్‌కి ముందున్న మెరిసే వస్తువుల అంచుల్లో ఊదారంగు, వెనకున్న వాటి అంచుల్లో ఆకుపచ్చ కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు ఒకే లోతులో కలవకపోవడం దీనికి కారణం. మన పెళ్లిళ్లలో ఇది దాక్కోలేదు. నల్లటి జడలో తెల్లటి మల్లెలు కంటికంటే వెనక ఉంటాయి, వాటి అంచులు ఆకుపచ్చగా తిరుగుతాయి. భుజం మీద నుంచి ముందుకొచ్చిన పైట మీద జరీ ఎండలో మెరిస్తే, ఒక్కో పోగు చుట్టూ ఊదా గీత పడుతుంది. ఎండలో తెల్ల పట్టుపంచె అంచు కూడా అంతే. తీసేటప్పుడు కెమెరా వెనక స్క్రీన్‌లో ఇది కనిపించదు, కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసినప్పుడే బయటపడుతుంది.

దీనికి మంచి మందు అపర్చర్ తగ్గించడమే. ఎఫ్/2.8కి వస్తే బాగా తగ్గుతుంది, ఎఫ్/4 దగ్గర దాదాపు కనిపించదు. ఎండ నేరుగా జరీ మీద పడకుండా మనిషిని పందిరి నీడలోకి జరిపినా సగం సమస్య తీరుతుంది. అప్పటికీ మిగిలితే ఫోటోలు దిద్దే లైట్‌రూమ్‌లో రంగు అంచుల్ని తీసే డీఫ్రింజ్ వాడొచ్చు. కానీ ఫోటో మొత్తానికి వేస్తే వంకాయ రంగు చీర అంచులు కూడా వెలిసిపోతాయి. బ్రష్ తీసుకుని జరీ మీద, పూల మీద మాత్రమే రుద్దండి. ఎదురు వెలుగులో కాంట్రాస్ట్ పడిపోవడం మరో లోపం. సాయంత్రపు సూర్యుడిని మనిషి వెనక పెట్టి తీసేవాళ్లు హుడ్ తప్పనిసరిగా కొనుక్కోవాలి. దీనికి సరిపోయేది ఈటీ-65 త్రీ.

ఆటోఫోకస్ వేగంలో మాత్రం ఈ వయసు లెన్స్ అనిపించదు. మోటారు రింగ్ యూఎస్ఎం, గబుక్కున వెళ్లి ఆగుతుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు తలలు అటూ ఇటూ ఊగినా వెంటపడగలదు. అక్కడ షటర్ 1/500కి తక్కువ పెట్టకండి, బియ్యం గాలిలో గీతలుగా కాకుండా గింజలుగా కనబడాలి. ఆటోఫోకస్‌లో ఉండగానే రింగ్ తిప్పి చేత్తో సరిచేసుకోవచ్చు. ఫోకస్ చేసినప్పుడు ముందు భాగం తిరగదు, పొడవు పెరగదు, కాబట్టి ముందు తిప్పి సర్దుకునే పోలరైజర్ ఫిల్టర్ వాడేవాళ్లకు ఇబ్బంది లేదు.

ఫోకస్ వేగంగా పడినంత మాత్రాన సరైన చోట పడిందని కాదు. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ మీద ఎఫ్/1.8లో తీసి, కన్ను వదిలేసి చెవి షార్ప్‌గా వస్తే లెన్స్ చెడిపోయిందనుకోకండి. వ్యూఫైండర్ ఫోకస్ కొలిచేది ఫోటో తీసే సెన్సర్‌తో కాదు, విడిగా ఉన్న మరో సెన్సర్‌తో. ఆ రెండింటి మధ్య రవ్వంత తేడా ఉన్నా ఆరు సెంటీమీటర్ల లోతులో అది బయటపడుతుంది. పరీక్ష ఇలా చేయండి: కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, పద్నాలుగు అడుగుల దూరంలో, అచ్చు అక్షరాలున్న పెద్ద కాగితాన్ని గోడకి నిటారుగా అంటించండి. ఎఫ్/1.8 పెట్టి మొదట లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్‌లో చూస్తూ, ఒకటి తీయండి, అదే మీ కొలమానం. తర్వాత ప్రతిసారీ ఫోకస్ రింగ్‌ని అనంతానికి తిప్పేసి, వ్యూఫైండర్‌లో మధ్య పాయింట్‌తో ఫోకస్ చేస్తూ ఐదారు తీయండి. అన్నీ ఒకే తీరుగా మసకగా ఉంటే కెమెరా మెనూలో ఫోకస్‌ని ముందుకీ వెనక్కీ జరిపే మైక్రో అడ్జస్ట్‌మెంట్‌తో సరిదిద్దొచ్చు. ఒక్కోటి ఒక్కోలా ఉంటే అది సర్దుబాటుకి లొంగదు. 6డీ, 5డీ మార్క్ త్రీ, 7డీ, 70డీ, 80డీల్లో ఆ సదుపాయం ఉంది. 1300డీ, 700డీ, 200డీల్లో లేదు, వాటి మీద ఎఫ్/1.8 పోర్ట్రెయిట్లు లైవ్ వ్యూలో తీయడమే నయం.

మధ్య పాయింట్‌తో కన్ను పట్టి, తర్వాత కెమెరా తిప్పి ఫ్రేమ్ సర్దుకునే అలవాటు మానుకోవాలి. రెండు మీటర్ల దూరంలో ఎనిమిది డిగ్రీలు తిప్పితే ఫోకస్ దాదాపు రెండు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. కంటికి అటూ ఇటూ ఉన్నది చెరో మూడు సెంటీమీటర్లే, అందులో రెండు అలా పోతాయి. కంటి దగ్గర ఉండే పాయింట్‌నే ఎంచుకోండి.

మిర్రర్‌లెస్‌లో ఈ గొడవలు చాలావరకు ఉండవు. ఫోకస్ కొలిచేది ఫోటో తీసే సెన్సరే కాబట్టి ముందు వెనకల తేడా రాదు. ఈ పాత ఈఎఫ్ లెన్స్‌ని మిర్రర్‌లెస్ బాడీకి తగిలించే కెనాన్ ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌లో గాజు ఏమీ లేదు, అది లెన్స్‌ని 24 ఎంఎం ముందుకు జరిపే ఉత్త గొట్టం, క్వాలిటీ తగ్గదు. కన్ను పట్టే ఫోకస్ ఈ పాత లెన్స్‌తోనూ పనిచేస్తుంది. ఆర్6 లాంటి బాడీలో సెన్సర్ స్టెబిలైజేషన్ కూడా తోడవుతుంది. ఆర్‌పీ, ఆర్8ల్లో అది లేదు, వాటితో షటర్ 1/200 దగ్గర ఉంచుకోవాలి. 1992 లెన్స్ డీఎస్ఎల్ఆర్ కంటే మిర్రర్‌లెస్ మీద ఎక్కువ నమ్మకంగా పనిచేయడం దీన్ని ఇప్పటికీ సిఫారసు చేయడానికి ఉన్న పెద్ద కారణం.

వెలుతురు విషయంలో రెండు చిక్కులు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/1.8 పెడితే షటర్ 1/10000 దాకా కావాలి. చాలా బాడీలు 1/4000 దగ్గర, మంచివి 1/8000 దగ్గర ఆగిపోతాయి, ఫోటో తెల్లబడుతుంది. వెలుతురు తగ్గించే 58 ఎంఎం ఎన్‌డీ8 ఫిల్టర్ ఒకటి బ్యాగులో ఉంటే మూడు స్టాప్‌లు దిగుతాయి, అంటే వెలుతురు ఎనిమిదో వంతు అవుతుంది. రెండోది ఫంక్షన్ హాల్ ఎల్ఈడీలు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, 1/200లో ఫోటోకి అడ్డంగా నల్లటి చారలు పడొచ్చు. 1/100కి దిగితే చారలు పోతాయి కానీ స్టెబిలైజేషన్ లేని 85కి అది అంచు వేగం. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, మనిషి కదలని క్షణం చూసి మూడు నాలుగు వరసగా తీయండి. గులాబీ, నీలం ఎల్ఈడీ నేరుగా ముఖం మీద పడుతుంటే ఏ లెన్స్ వల్లా చర్మం రంగు తిరిగి రాదు. స్టేజి లైట్ల మనిషితో మాట్లాడి ముందు వైపు తెల్ల లైటు వేయించుకోండి.

బ్లర్ స్వభావం బాగుంటుంది. వెనక సీరియల్ లైట్లు ఎఫ్/1.8లో మధ్యలో గుండ్రంగా, మూలల్లో నిమ్మకాయ ఆకారంలో కనిపిస్తాయి. ఎఫ్/2.8కి వస్తే ఎనిమిది కోణాలు తేలతాయి. ఎంత దగ్గరగా తీయొచ్చంటే 85 సెంటీమీటర్లు. అప్పుడు సుమారు 28 బై 18 సెంటీమీటర్ల చోటు ఫ్రేమ్ నింపుతుంది, అంటే ఒక ముఖం. గోరింటాకు వేళ్లు, మంగళసూత్రం, ఉంగరం దీనితో కుదరవు.

ఆ అవసరం ఉన్నవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి 2009లో వచ్చిన ఈఎఫ్ 100 ఎంఎం ఎఫ్/2.8ఎల్ మాక్రో ఐఎస్. 625 గ్రాములు, ఉంగరాన్ని అసలు సైజులో సెన్సర్ మీద పడేస్తుంది, స్టెబిలైజేషన్ ఉంది, పోర్ట్రెయిట్లకూ చక్కగా పనికొస్తుంది. మండపం దగ్గర ఒక్క లెన్స్‌తోనే ముఖమూ నగా తీయాల్సిన వాళ్లకు 85 కంటే ఇదే మంచిది. రెండోది కెనాన్ మిర్రర్‌లెస్ బాడీలకి మాత్రమే సరిపడేలా 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 85 ఎంఎం ఎఫ్/2 మాక్రో ఐఎస్ ఎస్‌టీఎం. 500 గ్రాములు, 35 సెంటీమీటర్ల దాకా దగ్గరవుతుంది, స్టెబిలైజేషన్ ఉంది, రంగు అంచులు తక్కువ. ఫోకస్ మాత్రం నెమ్మది. ఫోకస్ చేసేటప్పుడు ముందు గొట్టం బయటికొస్తుంది, ఒక్కసారి కన్ను తప్పితే అటు చివర నుంచి ఇటు చివరకి వెతుక్కుంటుంది. లెన్స్ మీది స్విచ్‌ని అర మీటరు నుంచి అనంతం దాకా అన్నచోట పెడితే కొంత మెరుగు. కుదురుగా కూర్చుని ఫోటో దిగేవాళ్లకు ఆర్ఎఫ్, కదిలే పెళ్లికి పాత ఈఎఫ్.

ఖరీదైన ఎఫ్/1.4 కొనాలా అని చాలామంది అడుగుతారు. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/1.4కి వెలుతురులో తేడా సుమారు మూడింట రెండు వంతుల స్టాప్. రెండు మీటర్ల దగ్గర లోతు ఆరు నుంచి నాలుగున్నర సెంటీమీటర్లకి తగ్గుతుంది. 2017లో వచ్చిన కెనాన్ ఈఎఫ్ 85 ఎఫ్/1.4ఎల్ ఐఎస్ గొప్ప లెన్సే, వెదర్ సీలింగ్, స్టెబిలైజేషన్ రెండూ ఉన్నాయి, కానీ 950 గ్రాములు, ధర కొన్ని రెట్లు. ఆ డబ్బులో ఈ 85తో పాటు మంచి ఫ్లాష్, సాఫ్ట్‌బాక్స్, స్టాండ్ వచ్చేస్తే, ముఖాల్లో ఎక్కువ తేడా కనిపించేది ఆ లైటు వల్లే. చేతిలో 70-200 ఎఫ్/2.8 ఉన్నవాళ్లు బ్లర్ కోసం 85 కొనాల్సిన పనే లేదు, 200 దగ్గర దాని బ్లర్ ఇంకా ఎక్కువ. బరువు, ఇరుకు గదులు ఇబ్బంది పెడుతుంటేనే కొనండి.

నికాన్, సోనీ వాళ్లకు పని ఇంకా తేలిక. నికాన్ జెడ్ 85 ఎఫ్/1.8 ఎస్ 470 గ్రాములు, రంగు అంచుల్ని చాలా బాగా అదుపు చేస్తుంది, ఈ విషయంలో కెనాన్ పాత లెన్స్ దాని ముందు నిలవదు. సోనీ ఎఫ్ఈ 85 ఎఫ్/1.8 371 గ్రాములే. నికాన్ పాత లెన్స్ వెతికేవాళ్లు ఒక అక్షరం జాగ్రత్తగా చూసుకోవాలి. ఏఎఫ్-ఎస్ 85 ఎఫ్/1.8జీలో మోటారు లెన్స్‌లోనే ఉంటుంది. ఏఎఫ్ 85 ఎఫ్/1.8డీలో ఉండదు, డీ3500, డీ5600 బాడీల మీదా, పాత లెన్స్‌ని నికాన్ మిర్రర్‌లెస్‌కి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీదా దానికి ఆటోఫోకస్ పనిచేయదు. చవకగా వస్తోందని తెచ్చుకుని తర్వాత చేత్తో రింగ్ తిప్పుకోవాల్సి వస్తుంది.

కెనాన్ 85 సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో చూసి మనిషిని కలిసినా, సొంత బాడీ, ఫోన్ టార్చ్ వెంట తీసుకెళ్లండి. వెనక క్యాప్ తీసి, టార్చ్ వెనక నుంచి వాలుగా వేసి ముందు నుంచి చూడండి. సన్నటి దారాల్లా, సాలెగూడులా కనిపిస్తే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వద్దు. నాలుగు దుమ్ము రేణువులు ఉన్నా ఫోటోలో ఏమీ కనిపించవు. గాజు మొత్తం పొగ పట్టినట్టు ఉంటే ఎదురు వెలుగులో ఫోటో పాలిపోతుంది. తర్వాత బాడీకి తగిలించి ఎఫ్/8 పెట్టి, ఫోటో తీయకుండానే రేకుల్ని మూసే డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కుతూ ముందు నుంచి రేకులు చూడండి. టక్కున మూసుకుని టక్కున తెరుచుకోవాలి. రేకుల మీద నూనె మెరుపు ఉంటే బద్ధకిస్తాయి. దగ్గర నుంచి అనంతం దాకా, మళ్లీ వెనక్కి, పదిసార్లు ఫోకస్ చేయించండి. కీచుమని శబ్దం వచ్చినా, మధ్యలో ఆగినా మోటారు అలిసిపోయినట్టే. ఫిల్టర్ రింగ్ నొక్కుకుపోయిందంటే లెన్స్ కింద పడిందని అర్థం. అలాంటప్పుడు గోడ మీద చదునైన పోస్టర్‌ని ఎఫ్/2.8లో తీసి, నాలుగు మూలలూ సమానంగా షార్ప్‌గా ఉన్నాయో లేదో చూడండి. ఒక పక్కే మసకైతే లోపల గాజు ఒరిగిందన్నమాట.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ల లెన్స్‌లకి ఫంగస్ పరీక్ష రెండుసార్లు చేయండి. ఇంటికి తెచ్చాక తోలు కవరులో పెట్టి బీరువాలో దాచొద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ చాలు. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. వానాకాలంలో 60 దాటితే జెల్ మార్చండి.